కంటికి కట్టిన లోకము: త్రిమితీయ దర్శన సాధనముల సమీక్ష

మానవుని ముఖమున రెండు నేత్రములు సుమారు 63 మిల్లీమీటర్ల యెడముతో అమరియున్నవి. ఆ స్వల్పమైన యెడము వలననే ఒకే వస్తువు కుడికంటికి ఒక విధముగను ఎడమకంటికి మరియొక విధముగను గోచరించుచుండగా, ఆ రెండు ప్రతిబింబముల నడిమి భేదమును మస్తిష్కము తృటికాలములో గ్రహించి, దానినే లోతుగా మార్చి, ఎదుటనున్న లోకమును ఘనాకృతితో మనకు చూపుచున్నది. చిత్రకారుడు వెలుగునీడలతోను, దూరము పోయినకొలది సన్నగిల్లు రేఖలతోను ఎంత నేర్పు చూపినను, పటమునందలి రూపము రెండు కన్నులతో చూచిన వస్తువునకుండు నిండుదనమును పొందజాలదని లియొనార్డో డావిన్చి నాడే గుర్తించియుండెను. అయినను ఈ లోతునకు కారణము రెండు ప్రతిబింబముల భేదమేయని ప్రయోగపూర్వకముగ నిరూపించిన కీర్తి ఆంగ్లదేశపు శాస్త్రవేత్తయగు చార్లెస్ వీట్‌స్టన్‌కు దక్కినది.

మన ఇంటర్మీడియట్ విద్యార్థులు విద్యున్నిరోధమును కొలుచు పాఠములో ఎవరి పేరు వల్లించుచుందురో, ఆ వీట్‌స్టన్ మహాశయుడే 1838వ సంవత్సరమున లండనునందలి రాయల్ సొసైటీకి ఒక పత్రమును సమర్పించెను. లంబకోణమున కూర్చిన రెండు దర్పణముల యెదుట ముఖముంచి, ఇరుప్రక్కల నిలిపిన రెండు రేఖాచిత్రములను కంటికొక్కటి చొప్పున చూచినచో, చదునైన ఆ గీతలే కాగితమును వీడి ఘనరూపమున నిలుచునని అందులో ఆయన చూపెను. ఛాయాగ్రహణ విద్య లోకమునకు వెల్లడియైనది ఆ మరుసటి సంవత్సరమున. అనగా త్రిమితీయ దర్శనము ఛాయాచిత్రము కంటె వయస్సున పెద్దది. లోతును కల్పించు కీలకము ఆనాడే తేటపడినది, తరువాతి తరములవారికి ఆ మూలసూత్రమును మార్చవలసిన అగత్యము కలుగలేదు.

అట్లైన పక్షమున, ఇంచుమించు రెండు శతాబ్దములు గడచిన పిదప కూడ, కళ్ళజోడు ముక్కుమీదను గడియారము మణికట్టుమీదను స్థిరనివాసము నేర్పరచుకొన్నట్లు ఈ సాధనము మాత్రము ముఖమున ఏల నెలకొనలేకపోయినది? ప్రతి తరమునను మహోత్సాహముతో వచ్చుటయు, కొన్ని యేండ్లకు అలమారలో మూలబడుటయు ఏల జరుగుచున్నది? తయారీదారులు ఈ ప్రశ్నకు పిక్సెళ్ళ సంఖ్యను, గణనయంత్రపు వేగమును, విక్రయమూల్యమును కారణములుగా చెప్పుచు వచ్చిరి. ఈ చరిత్రను ఆద్యంతము పరిశీలించినచో నాకు తోచినది వేరు. ప్రతిబింబముల భేదము ఒక్కటియే చూపు కాదు. మెడ తిరుగుట, కంటిలోని కటకము బిగియుట, చెవిలోపలి తూకము, ముక్కుమీది బరువు, ఇవన్నియు చూపులో భాగములే. వీనిలో ఏ యొక్కదానిని ఉపేక్షించినను దేహము ఆ సాధనమును త్రోసివేయును, మన్నించిన మేరకు స్వీకరించును.

వీట్‌స్టన్ యంత్రము బల్లమీద నుంచవలసిన పెద్ద పరికరము. దానిని చేతబట్టు పెట్టెగా మార్చినవాడు స్కాట్లండు దేశీయుడగు డేవిడ్ బ్రూస్టర్. దర్పణములకు బదులు కటకములను వాడి 1849లో ఆయన రూపొందించిన స్టీరియోస్కోపును పారిస్ నగరమున జూల్ ద్యుబాస్క్ అను పరికర నిర్మాత చక్కగా తయారుచేయగా, 1851 నాటి లండను మహాప్రదర్శనమున అది విక్టోరియా రాణి దృష్టిని ఆకర్షించెను. మూడేండ్లకు వెలసిన లండన్ స్టీరియోస్కోపిక్ కంపెనీ, స్టీరియోస్కోపు లేని యిల్లుండరాదని ప్రకటించుకొనునంతటి గిరాకి ఏర్పడెను. అమెరికాలో వైద్యుడును రచయితయునగు ఆలివర్ వెండెల్ హోమ్స్ 1861 ప్రాంతమున మరింత తేలికయు చవకయునగు నమూనాను సిద్ధపరచి, దానికి పేటెంటు తీసికొనక, ఎవరైనను చేసికొనవచ్చునని విడిచిపెట్టినందున, సామాన్య గృహస్థుల ముంగిళ్ళకు సైతము నైలునదీ తీరములు, ఆల్ప్స్ శిఖరములు, మన కాశీ ఘట్టములు చేరినవి. ఈ దర్శన సాధనముల చరిత్రలో పేటెంటు కోరని ఆ యొక్క నిర్ణయము చేసిన మేలు, తరువాతి కాలమున కోట్ల డాలర్లు వ్యయించిన సంస్థలెన్నియో చేయలేకపోయినవని నా దృఢవిశ్వాసము. 1939లో న్యూయార్కు ప్రపంచప్రదర్శనమున పరిచయమైన వ్యూమాస్టర్ ఆ వంశములోనిదే; ఏడు జంటచిత్రములు గల గుండ్రని చక్రమును త్రిప్పి చూచు ఆ యెర్రని పెట్టె మనదేశపు మధ్యతరగతి బాలబాలికలకు కూడ పరిచితమైనదే.

రంగుటద్దముల సంగతియు, ధ్రువిత కాంతి సంగతియు ఇచ్చట సంక్షేపముగ చెప్పిన చాలును. ఒక కంటికి ఎర్రని అద్దమును, రెండవదానికి నీలపుటద్దమును తొడిగి ప్రతిబింబములను వేరుపరచు ఉపాయమును 1853లోనే రోల్‌మన్ అను జర్మన్ పండితుడు కనుగొనెను. రంగులను చెడగొట్టని ధ్రువిత కాంతి పద్ధతి 1952లో ‘బ్వానా డెవిల్’ అను హాలీవుడ్ చిత్రముతో వెండితెరమీద వేడుకగా ప్రవేశించెను. ఆ మరుసటి యేడు విడుదలయై జనాదరణ పొందిన ‘హౌస్ ఆఫ్ వాక్స్’ చిత్రమునకు దర్శకత్వము వహించిన ఆంద్రె డి టోథ్‌కు ఒక కన్ను లేదు. ప్రేక్షకులందరు ఆస్వాదించిన లోతును ఆయన తాను చూడజాలక, కేవలము బుద్ధిబలముతో దానిని కూర్చెను. మన దక్షిణదేశమున నవోదయ సంస్థ 1984లో మలయాళమున తీసిన ‘మై డియర్ కుట్టిచాతన్’ తెలుగున ‘చిన్నారి చేతన’గా వచ్చినప్పుడు, తెరమీదినుండి చేతికందునట్లు సాగి వచ్చిన వస్తువులను పట్టుకొనుటకు బాలురు చేతులు చాచిరి. 2015లో గుణశేఖరుని ‘రుద్రమదేవి’ వరకు ఆ వేడుక అప్పుడప్పుడు మరల మరల కానవచ్చుచునే యున్నది. అయితే ఈ జోళ్ళు ప్రతిబింబములను వేరుచేయు జల్లెడలే గాని స్వయముగ దృశ్యమును చూపునవి కావు. తల త్రిప్పినను తెర తిరుగదు. కావున ఇవి మన ప్రశ్నకు ఉపోద్ఘాతములు మాత్రమే.

అసలు కథ 1968వ సంవత్సరమున మొదలగుచున్నది. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఇవాన్ సదర్లండ్ అను యువాచార్యుడు, బాబ్ స్ప్రౌల్ అను విద్యార్థి తోడ్పాటుతో, రెండు చిన్న కాథోడ్ కిరణనాళికలను కణతలకిరువైపుల అమర్చి, అర్ధపారదర్శకములగు అద్దముల ద్వారా వానిమీది గీతలను కన్నులకు చేరవేయు శిరోధార్య యంత్రమును నిర్మించెను. తల ఎటు తిరిగినది గణనయంత్రమునకు తెలియవలెను గనుక, ఇంటికప్పునుండి వ్రేలాడు ఒక లోహదండమును ఆ యంత్రమునకు బిగించిరి. దానిని ధరించినవాడు గదిలో కొలది అడుగుల మేర కదలవచ్చును. అతని యెదుట గాలిలో ఒక చతురస్రఘనము, వెలుగుగీతలతో, నిజమైన గదిమీద అతికినట్లు కనిపించును. అతడు ప్రక్కకు నడచినచో ఘనముయొక్క ప్రక్క గోడయే కనిపించును. దృక్పరిధి 40 డిగ్రీలు మాత్రమే. గీతలకు నిండు రంగులు లేవు, తలములు లేవు. అయినను ఈనాడు లక్షల విలువ గల యంత్రములు చేయుచున్న పనిలోని మూలాంశమంతయు అందులో నున్నది.

సదర్లండ్ తన పత్రములో ఒక మాట వ్రాసెను. దానిని తరువాతివారు తగినంత శ్రద్ధతో చదువలేదని నా యభిప్రాయము. రెండు కన్నులకు రెండు ప్రతిబింబములను చూపుట ముఖ్యమే యైనను, తల కదలినప్పుడు ప్రతిబింబము అందుకు తగినట్లు మారుట అంతకంటె ముఖ్యమని ఆయన భావము. ఒంటికన్ను గలవాడు సైతము తల కొద్దిగా ప్రక్కకు జరిపి దగ్గరి కొమ్మకును దూరపు చెట్టునకును గల అంతరమును తెలిసికొనగలడు. డి టోథ్ దర్శకుడు త్రిమితీయ చిత్రమును తీయగలుగుటలోని మర్మము కొంత ఇదియే కావచ్చును. శతాబ్దమునకు పైగా జనులు లోతు రెండు బొమ్మలలో నున్నదని నమ్మియుండగా, సదర్లండ్ దానిని మెడ కదలికలోనికి తెచ్చెను. ఇంతకు ఎనిమిదేండ్ల పూర్వమే బెల్ ప్రయోగశాలలలో బేలా యూలెష్, ఏ ఆకారమును లేని చుక్కల గుంపులను రెండింటిని కంటికొక్కటిగా చూపి, కేవల భేదము చేతనే మస్తిష్కము లోతును కల్పించగలదని నిరూపించియుండుట నిజమే. ఈ రెండు సత్యములు పరస్పర విరుద్ధములు కావు. చూపునకు ఆధారములు అనేకములు. అవి ఏకవాక్యతతో సాక్ష్యము పలికినప్పుడే మనస్సు నమ్మును.

తరువాతి పాతికేండ్లలో ఈ విద్య ప్రధానముగ సైనికుల ఆశ్రయమునను వ్యోమసంస్థల ఆశ్రయమునను పెరిగినది. అమెరికా వాయుసేనలో థామస్ ఫర్నెస్ విమానచోదకులకై పెనుశిరస్త్రాణములను నిర్మించెను. నాసావారి ఏమ్స్ పరిశోధనాకేంద్రమున జేబు టెలివిజన్ల ద్రవస్ఫటిక తెరలతోను, ఎరిక్ హౌలెట్ రూపొందించిన విశాలకోణ కటకములతోను చవకయైన నమూనా తయారైనది. జారన్ లానియర్ స్థాపించిన వీపీఎల్ సంస్థ ‘ఐఫోన్’ అను పేరుతోనే కన్నులకు తొడుగు యంత్రమును, చేతికి తొడుగు యంత్రమును అమ్మజూపి, వర్చువల్ రియాలిటీ అను మాటను లోకమున వ్యాపింపజేసెను. వీని వెలలు సామాన్యునకు అందునవి కావు.

సామాన్యునకు అందించుటకై 1995లో జపానుదేశపు నింటెండో సంస్థ చేసిన యత్నము ప్రత్యేకముగ స్మరింపదగినది. ఆటవస్తువుల కల్పనలో సిద్ధహస్తుడగు గున్‌పెయ్ యొకోయి రూపొందించిన ‘వర్చువల్ బాయ్’ యంత్రములో, ఒక నిలువువరుస ఎర్రని దీపముల కాంతిని కంపించు దర్పణముచేత అడ్డముగ విస్తరింపజేసి, నల్లని నేపథ్యముమీద ఎర్రని త్రిమితీయ దృశ్యమును చూపెను. యుక్తి ప్రశంసనీయమే, కాని యంత్రము తలకు తొడుగునది గాక బల్లమీది కాళ్ళపై నిలుచునది యగుటచే, ఆడువాడు మెడ వంచి దానిలో ముఖము దూర్చవలెను, తల కదల్చినను దృశ్యము కదలదు. ఏడేండ్లలోపు పిల్లలకు తగదని సంస్థయే హెచ్చరించెను. కొంతసేపటికొకసారి ఆట తనంతట ఆగి విశ్రాంతిని సూచించు ఏర్పాటు సైతము చేసెను. ఏడాది తిరుగక మునుపే దాని విక్రయము ఆగిపోయినది. ఈ వైఫల్యమునకు ఎర్రరంగును నిందించువారు పెక్కురు, అది పాక్షికసత్యము. సదర్లండ్ ముఖ్యమన్న దానిని విడిచి, వీట్‌స్టన్ నాటి లోతును మాత్రము ముఖమున కద్దుట వలననే ఆ యంత్రము చెడినదని నేను తలచెదను.

పునరుజ్జీవనము అనూహ్యమైన దిక్కునుండి వచ్చెను. సెల్‌ఫోన్ల తయారీ ప్రపంచవ్యాప్తమగుటచే చిన్న తెరలు, తల వాలును పసిగట్టు సూక్ష్మ సంవేదకములు, చురుకైన చిప్పులు కారుచవకకు దొరకసాగినవి. 2012లో పామర్ లక్కీ అను పందొమ్మిదేండ్ల కాలిఫోర్నియా యువకుడు ఈ విడిభాగములతో ‘ఆక్యులస్ రిఫ్ట్’ నమూనాను కూర్చి ప్రజలనుండి చందాలు కోరగా, రెండున్నర లక్షల డాలర్లు అడిగిన చోట 24 లక్షలు దాటి వచ్చినవి. చవకరకపు కటకము దృశ్యమును వంచినచో, గణనయంత్రమే దానిని ముందుగనే ఎదురువైపునకు వంచి గీయునట్లు చేయుట ఆ కూర్పులోని ముఖ్యోపాయము. 2014లో ఫేస్‌బుక్ సంస్థ దాదాపు 200 కోట్ల డాలర్ల విలువకు దానిని కైవసము చేసికొన్నది. అదే యేడు గూగుల్ సంస్థ అట్టముక్కను మడచి రెండు కటకములు చేర్చి, అందులో సెల్‌ఫోను నుంచి చూచు ‘కార్డ్‌బోర్డ్’ను వెలువరించి, హోమ్స్ వైద్యుని ఔదార్యమును కొంతవరకు గుర్తునకు తెచ్చెను. ‘బాహుబలి’ నిర్మాతలగు ఆర్కా మీడియావర్క్స్ వారు, ఆంధ్ర విశ్వవిద్యాలయమున విద్యనభ్యసించిన రాజా కోడూరి నాయకత్వము వహించిన ఏఎండీ చిత్రణవిభాగముతో కలిసి, మాహిష్మతీ నగరమును ఈ యంత్రములలో చూపుటకు ఒక చిత్రమును సంకల్పించినది ఈ ఉత్సాహకాలముననే.

ఈ దశలో సాధించిన విజయమును తక్కువగా అంచనా వేయరాదు. తల తిరిగిన క్షణమునకును తెరమీది దృశ్యము మారిన క్షణమునకును నడుమ సుమారు 20 మిల్లీసెకనుల కంటె అధిక కాలము జరిగినచో, అంతఃకర్ణములోని తూకపు ఇంద్రియము ఒకటి చెప్పగా కన్ను మరియొకటి చెప్పును. దేహము ఆ వైరుధ్యమును భరింపలేక వికారముతోను తలతిప్పుతోను నిరసించును. సెకనుకు 90 మార్లు దృశ్యమును నూతనముగ గీయుట, ప్రతి దృశ్యమును రెప్పపాటులో వెలిగించి ఆర్పి మసకను నివారించుట మున్నగు ఉపాయములతో ఈ చిక్కును ఇంచుమించు పరిష్కరించిరి. ఇది శిల్పులెవ్వరికిని తీసిపోని కృషి. సదర్లండ్ లోహదండము తొలగిపోయినది, అతని సూత్రము నిలిచినది.

ఇక మిగిలిన చిక్కు సూక్ష్మమైనది, గడుసైనది. దగ్గరి వస్తువును చూచునప్పుడు మన నేత్రములు రెండు పనులు చేయును. మొదటిది, రెండు కనుగ్రుడ్లును ముక్కువైపు వాలి వస్తువుమీద కేంద్రీకరించుట: ముప్పది సెంటీమీటర్ల దూరమునగల పుస్తకమును చదువునప్పుడు రెండు చూపులనడుమ ఏర్పడు కోణము సుమారు 12 డిగ్రీలు, రెండు మీటర్ల దూరమునకు రెండు డిగ్రీల లోపు. రెండవది, కంటిలోని కటకము బిగిసి తన నాభ్యంతరమును సవరించుకొనుట, దీనినే సర్దుబాటు అందురు. పుట్టినది మొదలు ఈ రెండు క్రియలును ఒకే కాడికి కట్టిన జోడెద్దుల వలె కలిసి నడచుటకు అలవాటుపడినవి. ఇప్పుడు శిరోధార్య యంత్రము సంగతి చూడుడు. కంటికి కొలది సెంటీమీటర్ల దూరముననున్న తెరను కుంభాకార కటకము ద్వారా చూపుటచే, ఆ తెర రెండు మీటర్ల ప్రాంతమున నున్నట్లు కంటిలోని కటకమునకు తోచును. ఆ దూరము స్థిరము. తెరమీది దృశ్యములో ఒక సీతాకోకచిలుక ముక్కుచెంతకు ఎగిరివచ్చినచో, ప్రతిబింబముల భేదమును బట్టి కనుగ్రుడ్లు వాలును గాని, కటకము బిగియరాదు. బిగిసెనా, చిత్రము మసకబారును. ఒక ఎద్దు ముందునకు లాగుచుండగా రెండవదానిని ఆపివేసినట్లు!

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖలో మార్టిన్ బ్యాంక్స్ బృందము 2008లో ప్రకటించిన ప్రయోగములు, ఈ వైరుధ్యము కంటిశ్రమను కలిగించుటయే గాక, రెండు ప్రతిబింబములను ఏకము చేయుటకు మస్తిష్కము తీసికొను కాలమును సైతము పెంచునని స్పష్టపరచినవి. విచిత్రమేమనగా, నలుబది యేండ్లు పైబడి చత్వారము వచ్చినవారికి కంటిలోని కటకము ఎట్లును బిగియదు గనుక, వారికి ఈ యాతన తక్కువ. లేత కన్నులు గలవారికే హెచ్చు. అనగా ఏ బాలబాలికల వినోదమునకై ఈ యంత్రములను అమ్మజూపుచున్నారో, వారి నేత్రములే ఈ చిక్కునకు అధికముగ గురియగుచున్నవి. ఈ విషయమును ప్రకటనలలో చదివిన జ్ఞాపకము నాకు లేదు.

పరిష్కారములు లేకపోలేదు. 2018లో విపణికి వచ్చిన ‘మ్యాజిక్ లీప్’ యంత్రము రెండు వేర్వేరు దూరములలో దృశ్యమును నిలిపెను. రెండు మెట్లున్నంత మాత్రమున అది నిచ్చెన కాలేదు. ఆ యేడే ఫేస్‌బుక్ పరిశోధకులు కన్ను ఎచ్చట నిలిచినదో కనిపెట్టి తెరను ముందువెనుకలకు జరుపు నమూనాను చూపిరి, అది ప్రయోగశాల గడప దాటలేదు. 1908లోనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త గాబ్రియెల్ లిప్‌మన్, ఈగ కన్నుల వంటి సూక్ష్మకటకముల సమూహముతో వస్తువునుండి వచ్చు కిరణములన్నింటిని దిక్కుతో సహా పట్టి మరల విడువవచ్చునని ప్రతిపాదించియుండగా, 2013లో ఎన్విడియా సంస్థయందు డగ్లస్ లాన్‌మన్, డేవిడ్ ల్యూబ్‌కీ అనువారు ఆ భావమును కళ్ళజోడంత పలుచని నమూనాగా నిర్మించిరి. కాని సూక్ష్మకటకములు దిక్కులను కాపాడుటకై పిక్సెళ్ళను పంచుకొనుటచే చిత్రపు నాణ్యము దిగజారెను. డెనిస్ గేబర్‌కు 1971లో నోబెల్ బహుమానము తెచ్చిన హోలోగ్రఫీ ఈ చిక్కునకు మూలచ్ఛేదమగు మందు. ఏలయన, అది వస్తువునుండి వెలువడు కాంతితరంగమునే పునఃసృష్టించును గనుక, కన్ను నిజమైన వస్తువును చూచినట్లే చూచును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున గోర్డన్ వెట్‌స్టైన్ బృందము 2024లో పలుచని కాంతివాహకముతో రంగుల హోలోగ్రామును చూపు కళ్ళజోడు నమూనాను ప్రకటించినది. నా ఆశయంతయు ఈ మార్గముమీదనే. అయినను అది ఇంకను శైశవమున నున్నదని ఒప్పుకొనవలెను.

కంటిలోపలి చిక్కుతో పాటు కన్నుల నడిమి చిక్కు ఒకటున్నది. కనుపాపల యెడము పెద్దలలో సుమారు 54 మొదలు 74 మిల్లీమీటర్ల వరకు మనిషి మనిషికి మారుచుండును; స్త్రీలకు సగటున కొంత తక్కువ. 2020లో కే స్టానీ మున్నగు పరిశోధకులు ప్రకటించిన అధ్యయనము, ఈ యంత్రముల వలన స్త్రీలకు అధికముగ కలుగు వికారమునకు వారి స్వభావదౌర్బల్యము గాక, యంత్రపు కటకముల యెడము వారి కనుపాపల యెడమునకు సరిపడకుండుటయే ప్రధానకారణమని తేల్చినది. ఎంతో విక్రయమైన ‘క్వెస్ట్ 2’ యంత్రమున 58, 63, 68 మిల్లీమీటర్లని మూడు స్థానములే యుండెను. లక్షలాది పిక్సెళ్ళను చేర్చుటకు వెచ్చించు ధనములో ఒక లేశము ఈ యెడమును సవరించు మరకు వెచ్చింపకుండుట నాకు బాధ కలిగించును.

బరువు సంగతియు ఇట్టిదే. 2024 ఫిబ్రవరిలో 3,499 డాలర్ల వెలతో విక్రయమునకు వచ్చిన యాపిల్ సంస్థవారి ‘విజన్ ప్రో’ రెండు కన్నులకు కలిపి 2 కోట్ల 30 లక్షల పిక్సెళ్ళను సమకూర్చి, స్పష్టతలో మునుపటి యంత్రములలో పెక్కింటిని మించినది. కంటిచూపుతోనే మీటలను ఎంచుకొను సౌకర్యము ప్రశంసనీయము. బ్యాటరీని తాడుతో విడదీసి జేబులో నుంచినను, ముఖముమీద మిగిలినది 600 గ్రాములకు పైన. గంటకొలది ధరించువాని చెక్కిళ్ళును మెడయును చెప్పు తీర్పును పిక్సెళ్ళు మార్చలేవు.

ముఖమును మూయక, నిజలోకముమీద చిత్రమును నిలుపు పారదర్శక సాధనముల కథ మరియొకటి. హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గములు చేపట్టిన మరుసటి యేడు, 2015 జనవరిలో, ‘హోలోలెన్స్’ను ఆ సంస్థ ప్రకటించెను. అది సదర్లండ్ కలకు నిజమైన వారసురాలు. గదిని తానే కొలుచుకొని, బల్లమీద నుంచిన చిత్రమును బల్లమీదనే నిలుపును. కాని ఇట్టి యంత్రములలో కాంతిని పలుచని గాజు పలకలగుండ నడిపించుటలో అధికభాగము వ్యర్థమగును, దృక్పరిధి ఇరుకగును. పైగా గాజు వెలుగును చేర్చగలదే గాని తీసివేయలేదు గనుక, నలుపును చిత్రించుట అసాధ్యము. ఎండలో నిలిచినచో చిత్రము వెలవెలబోవును. అమెరికా సేనకై దీనిని మార్చుటకు పదేండ్లలో 2,190 కోట్ల డాలర్ల వరకు విలువ గల ఒప్పందము 2021లో కుదిరినను, మరుసటి యేటి పరీక్షలలో సైనికులు తలనొప్పి, కంటిశ్రమ, వికారములతో బాధపడిరని రక్షణశాఖ పరీక్షాధికారులే నివేదించిరి. 2024లో హోలోలెన్స్ 2 ఉత్పత్తి ఆగినది. 2025లో ఆ సైనిక పథకము పామర్ లక్కీ స్థాపించిన మరియొక సంస్థ చేతికి పోయినది. మెటా సంస్థ (పూర్వపు ఫేస్‌బుక్) 2024 సెప్టెంబరులో చూపిన ‘ఒరాయన్’ నమూనా నూరు గ్రాములలోపు బరువుతో, సుమారు 70 డిగ్రీల దృక్పరిధితో ఆశ గొల్పుచున్నను, దానిలోని సిలికాన్ కార్బైడు కటకముల వ్యయమువలన విపణికి రాలేదు.

ఇంతవరకు దోషములనే గణించితిని. ఈ సాధనములు నిక్కముగ కృతార్థములైన చోట్లు కలవు. జార్జియా రాష్ట్రమున బార్బరా రోత్‌బామ్, లారీ హాడ్జెస్ అనువారు 1995లో ఎత్తులనిన భయపడువారిని కల్పిత వంతెనలమీదను మేడలమీదను క్రమక్రమముగ నిలిపి ఆ భయమును తగ్గింపజాలిరి. సియాటిల్ నగరమున హంటర్ హాఫ్‌మన్ బృందము, కాలిన గాయములకు కట్లు మార్చునప్పుడు రోగులను మంచులోయలో విహరింపజేసి, ఆ దుర్భరవేదనను గణనీయముగ ఉపశమింపజేసిరి. 2020 జూన్‌లో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రి వైద్యులు రోగి వెన్నెముక చిత్రమును అతని వీపుమీదనే చూచుచు మరలు బిగించిరి. అంతకుమునుపు వైద్యుడు తల త్రిప్పి దూరపు తెరను చూచి, మరల తల త్రిప్పి కత్తిని చూడవలసివచ్చెడిది. మెల్లకన్ను కారణముగ బాల్యమున లోతును చూడని స్యూజన్ బ్యారీ అను అమెరికా నాడీశాస్త్రవేత్త నడివయస్సున కంటి అభ్యాసములచేత దానిని పొంది, ఆ అనుభవమును గ్రంథముగ వ్రాసినది మొదలు, పెద్దల మస్తిష్కము ఈ విద్యను నేర్వజాలదను పాతనమ్మకము సడలినది. 2021లో అమెరికా ఔషధాధికారసంస్థ, 4 మొదలు 7 ఏండ్ల పిల్లల మందదృష్టికి చికిత్సగా ‘లుమినోపియా’ అను శిరోధార్య సాధనమును అనుమతించెను. బలహీనమైన కంటికి దృశ్యమును ప్రస్ఫుటముగను, బలమైన కంటికి మసకగను చూపి, రెండింటిని కలసి పనిచేయునట్లు చేయుట అందలి విధానము. వీట్‌స్టన్ కనుగొన్న భేదము ఇచ్చట చికిత్సయైనది. ఈ విద్యకు ఇంతకంటె ధన్యత నేనెరుగను.

ఈ విజయములలో పెక్కింట కొన్ని లక్షణములు సమానముగ నున్నవి. ప్రయోజనము ముందే నిర్ణీతమైనది. కాలము అరగంటయో గంటయో మాత్రమే. ప్రక్కన ఒక నిపుణుడు కలడు. యంత్రము ధరించువాని కంటికి అమర్చబడినది. ఉదయము లేచినది మొదలు నిద్రించువరకు ధరింపుమను యంత్రములలో ఈ లక్షణములలో ఒక్కటియు లేదు. కావున, హోలోగ్రఫీ మార్గమున కంటిసర్దుబాటు చిక్కు తీరి, బరువు కళ్ళజోడు స్థాయికి దిగువరకు, ఈ సాధనము శస్త్రవైద్యుని పరికరముగను, శిక్షకుని పరికరముగను, కొద్దిసేపటి వినోదముగను వర్ధిల్లును గాని, నిత్యధారణకు తగదని నా నిర్ణయము.

తయారీదారులకు ఒక విన్నపము చేయవలసియున్నది. కళ్ళద్దముల చీటీమీద ఎంత నియమముతో అంకెలు వ్రాయబడునో, అంత నియమముతో ప్రతి శిరోధార్య సాధనపు పెట్టెమీదను కటకముల యెడము ఎంతనుండి ఎంతవరకు సవరింపవచ్చునో, దృశ్యము ఎన్ని మీటర్ల దూరమున నిలుపబడినదో, ముఖముమీద పడు బరువు ఎన్ని గ్రాములో ముద్రింపవలెను. ప్రభుత్వములు దానిని విధాయకము చేయవలెను. పాఠకులును, విశేషించి పిల్లలకై కొనదలచిన తల్లిదండ్రులును, ముందుగా కళ్ళజోళ్ళ దుకాణమున కనుపాపల యెడమును కొలిపించుకొని, ఆ కొలతకు అమరని యంత్రమును, అది ఎంత పేరుగన్న సంస్థదైనను, కొనక విడిచిపెట్టుదురు గాక.